సీడెడ్ గీత చెరిగిన చోట: నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి చూసిన ఓటీటీల పోటీ

తెలుగు సినిమా వ్యాపారంలో రాయలసీమకు ఇప్పటికీ వాడుకలో ఉన్న పేరు సీడెడ్. ఒక చిత్రం ప్రదర్శన హక్కులను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ప్రాంతాల వారీగా విడగొట్టి అమ్మడం ఆ రంగంలో దశాబ్దాలుగా సాగుతున్న పద్ధతి. అందులో అవిభక్త కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు జిల్లాలు కలిసిన భాగానికి, 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న జిల్లాలను ఆంగ్లేయులు ఏ పేరుతో పిలిచారో ఆ పేరే స్థిరపడిపోయింది. ఆ పేరులోనూ, దాని తెలుగు రూపమైన దత్త మండలాలు అన్న మాటలోనూ పరాధీనత ధ్వనిస్తున్నదని, ఈ సీమను రాయలసీమ అని పిలుచుకోవాలని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించినది నంద్యాలలోనే, 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ అక్కడ జరిగిన సందర్భంలో. కొత్త పేరు బడుల్లోకి, పత్రికల్లోకి, రాజకీయాల్లోకి వచ్చి నిలిచింది కాని, సినిమా పంపిణీదారుల ఖాతా పుస్తకాల్లోకి మాత్రం రాలేదు.

చందా కట్టి ఇంట్లో చూసే వీడియో సేవల మధ్య పోటీని గురించిన ప్రసంగంలో ఈ పాత పేరుకు చోటు ఎందుకంటే, ప్రేక్షకుడి విలువను లెక్కగట్టే ఒక పద్ధతి దానిలో ఇమిడి ఉంది. సీడెడ్ హక్కులు కొనే పంపిణీదారు నిర్మాతకు ముందుగా కొంత సొమ్ము చెల్లిస్తాడు. చిత్రం ఆడినా ఆడకపోయినా తిరిగి అడగని షరతు మీద ఇచ్చే మొత్తాన్ని మినిమం గ్యారంటీ అని, ఆడకపోతే సర్దుబాటు చేసుకునే మొత్తాన్ని అడ్వాన్సు అని వ్యవహరిస్తారు. ఆ సొమ్ము ఎంత ఉండాలన్నది నంద్యాల, ప్రొద్దుటూరు, కర్నూలు, ఆళ్లగడ్డ వంటి ఊళ్లలో హాలు ఎన్ని వారాలు నిండుతుందన్న అంచనాను బట్టి తేలుతుంది. అందువల్ల ఈ ప్రాంతపు ప్రేక్షకుడి ఇష్టాయిష్టాలు, అవి సరిగ్గా అర్థమైనా తప్పుగా అర్థమైనా, కథ ఎంపిక దగ్గరి నుంచే నిర్మాత మనసులో ఉండేవి. సీడెడ్ షేరు, అంటే అక్కడ పంపిణీదారుకు దక్కిన వాటా, ఎంత వచ్చిందన్న మాట చిత్రం విడుదలైన వారంలోనే బయటికి వచ్చేది. ఒక ప్రాంతం తన టిక్కెట్టు డబ్బుతో పరిశ్రమకు చెప్పుకున్న అభిప్రాయం అది. ఓటీటీలు వచ్చాక ఈ ప్రాంతపు గీత చెరిగిపోతూ, దాని స్థానంలో వేరే గీతలు పడుతున్నాయి. అవి ఎక్కడ పడ్డాయో, ఎవరు గీస్తున్నారో తెలుసుకోవడం నంద్యాల ప్రేక్షకుడికి ఎన్ని యాప్‌లు ఉన్నాయో లెక్కించడం కంటే ముఖ్యం.

ఓటీటీ అన్నది ఓవర్ ది టాప్ అనే ఇంగ్లీషు మాటలకు సంక్షిప్త రూపం. కేబుల్ టీవీలో తీగ వేసినవాడే ఛానెళ్లను ఇంటికి చేరవేసి నెలకు ఇంత అని వసూలు చేసుకుంటాడు. ఓటీటీ సేవకు సొంత తీగ అక్కర్లేదు, మరొకరు వేసిన ఇంటర్నెట్ మార్గం మీదుగా నేరుగా వీక్షకుడి ఫోనుకో టీవీకో చేరుతుంది. ఒకరు వేసిన బాట మీద ఇంకొకరి బండి నడవడం వంటిది కాబట్టి, బాట వేసినవాడికీ బండి తోలేవాడికీ మధ్య ఒప్పందం ఎలా ఉంటుందన్నది ఈ వ్యాపారం మొత్తానికీ కీలకం. హాట్‌స్టార్ 2015 ఫిబ్రవరిలో, నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో, అమెజాన్ ప్రైమ్ వీడియో అదే ఏడాది డిసెంబరులో, సన్ నెక్స్ట్ 2017లో, జీ5 2018 ఫిబ్రవరిలో భారతీయ విపణిలోకి వచ్చాయి. వీటన్నిటికీ చిన్న ఊళ్లలో దారి తెరిచినది మాత్రం 2016 సెప్టెంబరు 5న మొదలైన జియో మొబైల్ సేవ, దాని వెంట ఇతర టెలికాం సంస్థలు కూడా డేటా ధరలను తగ్గించక తప్పని పరిస్థితి.

ఈ వ్యాపారం స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఆళ్లగడ్డ మంచి పోలికను ఇస్తుంది. అహోబిలానికి పోయే దారిలో ఉన్న ఈ పట్టణం రాతి శిల్పాలకు ప్రసిద్ధి; ఇక్కడి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడి శిల్పి ఒక దేవాలయానికి నరసింహ విగ్రహం చెక్కి ఇచ్చిన తర్వాత, మరో ఊరివాళ్లు అటువంటిదే కావాలంటే మళ్లీ రాయి ఎంచుకోవాలి, మళ్లీ ఉలి పట్టాలి, మళ్లీ అంత కాలమూ పనిచేయాలి. పది విగ్రహాలకు పది రెట్ల శ్రమ తప్పదు. సినిమాకు, వెబ్ సిరీస్‌కు ఈ నియమం వర్తించదు. ఖర్చంతా మొదటి ప్రతి తయారయ్యేదాకానే. ఆ తర్వాత దాన్ని పదివేల మంది చూసినా పది కోట్ల మంది చూసినా అదనంగా అయ్యే ఖర్చు స్వల్పం. అర్థశాస్త్రంలో మొదటిదాన్ని స్థిర వ్యయమని, ఒక్కొక్క అదనపు వీక్షకుడికి అయ్యేదాన్ని ఉపాంత వ్యయమని అంటారు. స్థిర వ్యయం కొండంతగా, ఉపాంత వ్యయం ఆవగింజంతగా ఉన్న వ్యాపారంలో ఎక్కువమంది చందాదారులు ఉన్న సంస్థకు ఒక్కొక్కరి మీద పడే ఖర్చు తగ్గుతుంది, ఆ మిగులుతో మరింత ఖరీదైన హక్కులు కొనగలుగుతుంది, వాటిని చూపి ఇంకా ఎక్కువమందిని రప్పించుకుంటుంది. చిన్న సంస్థ ఎంత బాగా పనిచేసినా ఈ వలయంలో వెనుకబడుతుంది.

ఇంకొక విశేషం కూడా ఉంది. నంద్యాల చుట్టుపక్కల పండే సోనా మసూరి బియ్యం పది అంగళ్లలో దొరుకుతుంది కాబట్టి ఒక అంగడివాడు ధర పెంచితే కొనేవాడు పక్క అంగడికి పోతాడు; పోటీ వల్ల ధర అదుపులో ఉంటుందని చెప్పేటప్పుడు అందరి మనసులో ఉండేది ఇటువంటి అంగడే. ఓటీటీల పోటీ ఇలా సాగదు, ఎందుకంటే ప్రతి అంగట్లోనూ వేరే సరుకు ఉంటుంది, ఒకచోట ఉన్నది మరోచోట దొరకదు. ఒక చిత్రాన్ని ఒకే సేవలో చూపించే హక్కును ఏకైక హక్కు అంటారు; సంస్థలు పోటీపడేది ప్రధానంగా ఈ హక్కుల కోసం. సేవల సంఖ్య పెరిగేకొద్దీ వీక్షకుడికి చందా తగ్గకపోగా, కట్టాల్సిన చందాల సంఖ్య పెరుగుతుంది. నెట్‌ఫ్లిక్స్ 2021 డిసెంబరులో ధరలు తగ్గించినప్పుడు ఫోనులో మాత్రమే చూసే ప్యాకు నెలకు 149 రూపాయలైంది, అంటే ఏడాదికి 1,788. అదే నెలలో అమెజాన్ ప్రైమ్ వార్షిక చందా 999 నుంచి 1,499 రూపాయలకు పెరిగింది. హాట్‌స్టార్, జియోసినిమా కలిసి ఏర్పడిన జియోహాట్‌స్టార్ 2025లో ఫోను ప్యాకుకు ప్రకటించిన వార్షిక ధర 499. ఈ మూడు కలిస్తేనే 3,786 రూపాయలు. జీ5, సన్ నెక్స్ట్, ఆహా, ఈటీవీ విన్ ఇంకా లెక్కలోకి రానేలేదు. విడుదలైన తెలుగు చిత్రాలన్నిటినీ న్యాయంగా డబ్బు కట్టి చూడాలనుకునే ఆళ్లగడ్డ కుటుంబం వీటన్నిటినీ కొనాలి. కొనలేనివాళ్లు ఒక నెల ఒక సేవకు కట్టి, చూడదలచినవి చూసేసి, మరుసటి నెల మానేసి వేరొకదానికి మారుతుంటారు. ఆ రంగంలో చర్న్ అని పిలిచే ఈ అలవాటు సంస్థలకు పెద్ద తలనొప్పి. వీక్షకుడి వైపు నుంచి చూస్తే అది ఒక సాధారణ కుటుంబం తన ఖర్చును అదుపులో పెట్టుకునే వివేకం తప్ప మరొకటి కాదు.

సీడెడ్ గీత చెరిగిపోయి కొత్త గీత ఎలా పడిందో చూపడానికి రెండు చిత్రాలు చాలు. ఆర్ఆర్ఆర్ 2022 మే 20న ఓటీటీలోకి వచ్చినప్పుడు దాని హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లో, తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ రూపాలు జీ5లో వెలువడ్డాయి. కల్కి 2898 ఏడీ 2024 ఆగస్టు 22న వచ్చినప్పుడు హిందీ నెట్‌ఫ్లిక్స్‌కు, తెలుగుతో పాటు మిగిలిన దక్షిణాది భాషలు అమెజాన్‌కు దక్కాయి. వెనుకటి పంపిణీదారు భూమిని పంచుకున్నాడు, ఇప్పటి సంస్థ భాషను పంచుకుంటున్నది. భాష ప్రాతిపదికగా హక్కులు అమ్ముడైనప్పుడు హైదరాబాదు వీక్షకుడు, డల్లాస్ వీక్షకుడు, ఆళ్లగడ్డ వీక్షకుడు ఒకే లెక్కలో చేరిపోతారు, ఆ లెక్కలో ఎక్కువ చందా కట్టగలవాడి ఇష్టానికి ఎక్కువ బరువు ఉంటుంది. విదేశాల్లోని తెలుగువారు కట్టే చందా రూపాయల్లో చూస్తే అనేక రెట్లు. నంద్యాలలో ఒక చిత్రాన్ని ఎంతమంది చూశారు, ఏ ఘట్టం దగ్గర ఆపేశారు అన్న వివరం సంస్థ దగ్గర గడియ గడియకూ నమోదవుతుంది కాని, అది బయటికి రాదు. ఒకప్పుడు హాలు ముందు నిలబడ్డ వరుసను చూసి ఊరంతటికీ తెలిసిపోయే సంగతి ఇప్పుడు వ్యాపార రహస్యమైంది. ఈ మార్పులో ఊరు కోల్పోయినదాన్ని డబ్బు లెక్కల్లో చెప్పడం కష్టమే అయినా, అది చిన్న నష్టం కాదు.

తెలుగు ఒక్కదానికే అంకితమైన సేవగా ఆహా పుట్టడం ఈ నేపథ్యంలో గమనించదగిన ఘట్టం. గీతా ఆర్ట్స్ అధినేత అల్లు అరవింద్, మై హోమ్ సంస్థ కలిసి నెలకొల్పిన ఈ సేవ 2020 మార్చి 25న, ఉగాది నాడు, లాంఛనంగా మొదలైంది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదటి రోజు కూడా అదే. సినిమా హాళ్లు మూతపడి జనం ఇళ్లలో ఉండిపోయిన ఆ నెలల్లో, ఏడాదికి 365 రూపాయల చందాతో, అంటే రోజుకు ఒక రూపాయి లెక్కన, తెలుగు కుటుంబాల్లోకి అది ప్రవేశించగలిగింది. అదే ఏడాది అక్టోబరులో అది నేరుగా విడుదల చేసిన కలర్ ఫోటో తర్వాత ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. హాలు దొరకని చిన్న చిత్రానికి ఓటీటీ నిలువ నీడ ఇవ్వగలదని అది రుజువు చేసింది. అంతర్జాతీయ సంస్థలు సైతం ఆ రోజుల్లో చిన్న తెలుగు కథల వైపు చూశాయి: ఉమామహేశ్వర ఉగ్రరూపస్య నెట్‌ఫ్లిక్స్‌లో, మిడిల్ క్లాస్ మెలోడీస్ అమెజాన్‌లో 2020లోనే వచ్చాయి. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన సినిమా బండి, ఒక ఆటోవాడికి దొరికిన కెమెరాతో ఊరంతా కలిసి సినిమా తీయబూనడమనే కథను సీమ పల్లె యాసలోనే చెప్పింది. రాయలసీమ అంటే కత్తులు, బాంబులు, సుమోలు మాత్రమే అన్నట్టు రెండు దశాబ్దాల పాటు చూపిన వెండితెరకు అలవాటుపడిన ప్రేక్షకులకు, ఈ సీమ మనుషులకు నవ్వులు, అప్పులు, చిన్న చిన్న ఆశలు కూడా ఉంటాయని చూపిన చిత్రం అది. పోటీ ఉధృతంగా ఉండి, ప్రతి సేవా కొత్త సరుకు కోసం వెతుకుతున్న ఆ రెండు మూడేళ్లు తెలుగు చిన్న సినిమాకు నిజంగా మేలు చేశాయన్నది కాదనలేని విషయం. సంస్థలు లాభం వైపు దృష్టి మళ్లించాక ఆ వెతుకులాట సన్నగిల్లింది.

ఆహా గురించి మాట్లాడేటప్పుడు ఒక పాత ప్రశ్న మళ్లీ వస్తుంది. చిత్రం తీసేవాడు, పంచేవాడు, చూపేవాడు ఒకరే కావచ్చునా అన్నది ఆ ప్రశ్న. ఒకే సరుకుకు సంబంధించిన వరుస దశలన్నీ ఒకే చేతి కిందికి రావడాన్ని నిలువు ఏకీకరణ అంటారు. అమెరికాలో చిత్ర నిర్మాణ సంస్థలు సొంత సినిమా హాళ్లు కలిగి ఉండడం పోటీకి విఘాతమని అక్కడి సుప్రీంకోర్టు 1948లో పారమౌంట్ కేసులో తీర్పు చెప్పగా, ఆ సంస్థలు హాళ్లను వదులుకున్నాయి. ఆ తీర్పు మేరకు పెట్టిన కట్టుబాట్లను 2020లో అక్కడి ఫెడరల్ కోర్టు రద్దు చేసింది. ఓటీటీ అంటే నిర్మాత ప్రతి ఇంట్లోనూ ఒక హాలు కట్టుకోవడం వంటిది కాబట్టి ఆ తీర్పు వెనుక ఉన్న ఆందోళన ఇప్పుడు మరింత సమంజసం. ఏ సంస్థనో తప్పుపట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. తెలుగువారి సొంత సేవ నిలబడాలంటే నిర్మాణ సంస్థ అండ అవసరమైంది, ఆ అండ ఉండబట్టే అది సాధ్యమైంది. ఈటీవీ విన్ వెనుక కూడా 1995 నుంచి తెలుగిళ్లలో ఉన్న ఒక టీవీ సంస్థ బలం ఉంది. 2024 జనవరిలో అందులో వచ్చిన నైంటీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ అనే సిరీస్ వనపర్తిలోని ఒక లెక్కల మాస్టారి కుటుంబం కథతో విశేష ఆదరణ పొందడాన్ని బట్టి, ఊరి పేరు చెప్పి, ఊరి బతుకును చూపే కథకు తెలుగు వీక్షకులు ఎక్కడున్నా చందా కడతారని తేలింది.

చిన్న కథల పోటీ ఇలా సాగుతుండగా, అసలైన బలాబలాలు తేలినది క్రికెట్ దగ్గర. ఈ క్రికెట్ ప్రసారాల కథకు నంద్యాలతో ఉన్న సంబంధం సామాన్యమైనది కాదు. 1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో భారీ ఆధిక్యంతో గెలిచిన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలోనే విదేశీ శాటిలైట్ ఛానెళ్లు, కేబుల్ ఆపరేటర్లు, 1994 జాతీయ టెలికాం విధానం, 1995లో మొబైల్ ఫోను, ఇంటర్నెట్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1993 హీరో కప్ ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు అమ్మినప్పుడు దూరదర్శన్‌తో తలెత్తిన వివాదం సుప్రీంకోర్టుకు చేరగా, 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒకరైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తెలుగువారు. ప్రసారంపై ప్రభుత్వ గుత్తాధిపత్యం ఎంత ప్రమాదమో ప్రైవేటు గుత్తాధిపత్యం అంతకు తక్కువ ప్రమాదమేమీ కాదన్న భావాన్ని ఆయన తన ప్రత్యేక తీర్పులో వ్యక్తం చేశారు. నంద్యాల ప్రతినిధి దేశానికి ప్రధానిగా ఉన్న రోజుల్లో వెలువడిన ఆ హెచ్చరికను ఇవాళ మరోసారి చదవడం అవసరం.

ఎందుకంటే, 2022 జూన్‌లో ఐపీఎల్ పోటీల 2023 నుంచి 2027 వరకు గల హక్కుల వేలం మొత్తం 48,390 కోట్ల రూపాయలకు ముగిసింది. అందులో టీవీ హక్కులను డిస్నీ చేతిలో ఉన్న స్టార్ 23,575 కోట్లకు, దేశంలోని డిజిటల్ హక్కులను రిలయన్స్ అండ గల వయాకామ్18 సుమారు 23,758 కోట్లకు దక్కించుకున్నాయి. ఫోనులో ఆట చూపే హక్కు టీవీలో చూపే హక్కును మించిన ధర పలకడం, వ్యాపారం ఎటు పోతున్నదో చెప్పడానికి చాలు. అంత పెట్టి కొన్న ఆటను వయాకామ్18 తన జియోసినిమాలో 2023లో ఉచితంగా చూపింది. చందా కట్టించుకుని ఐపీఎల్ చూపుతూ వచ్చిన డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌కు 2022 అక్టోబరు నాటికి 6 కోట్ల 13 లక్షల చందాదారులు ఉండగా, 2023 సెప్టెంబరు చివరికి వారు 3 కోట్ల 76 లక్షలకు పడిపోయారు. నంద్యాల టీ కొట్టు ముందు ఫోనులో ఆట చూస్తున్న కుర్రవాడికి ఆ వేసవి పోటీ ఇచ్చిన వరమే; ధర సున్నా. అయితే సున్నా ధర ఎక్కువ కాలం నిలిచేది కాదు. 2024 ఆగస్టులో భారత పోటీ కమిషన్ కొన్ని టీవీ ఛానెళ్లను వదులుకోవాలన్న, క్రికెట్ ప్రకటనల అమ్మకానికి సంబంధించిన షరతులతో ఈ రెండు ప్రత్యర్థి సంస్థల విలీనానికి అనుమతించింది. నవంబరు 14న విలీనం పూర్తయి, 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఆ ఏడాది ఐపీఎల్‌కు పూర్తి ఉచిత ప్రసారం లేదు. చందా కట్టాలి, లేదా 299 రూపాయలు, అంతకు మించిన జియో రీఛార్జితో కలిపి వచ్చే 90 రోజుల సౌకర్యం వాడుకోవాలి.

ఇక్కడ బాట వేసినవాడు, బండి తోలేవాడు ఒకే ఇంటివాళ్లయ్యారు. ఒక వస్తువుతో మరో వస్తువును కలిపి ఒకే ధరకు అమ్మడాన్ని బండిల్ అంటారు. ఆళ్లగడ్డలో ఓటీటీ అంటే చాలా ఇళ్లలో ప్రత్యేకంగా ఎంచుకుని కట్టిన చందా కాదు, నెల రీఛార్జితో పాటు వచ్చినది. ఏ సిమ్ము వాడితే ఆ సిమ్ముతో వచ్చిన యాప్, ఆ యాప్‌లో ఉన్న సినిమా. వీక్షకుడి తరఫున ఎంపిక చేసినది అతను కాదు, టెలికాం సంస్థ చేసుకున్న ఒప్పందం. 2024 జూలైలో ప్రైవేటు టెలికాం సంస్థలు మూడూ కొద్ది రోజుల తేడాతో ఛార్జీలు పెంచినప్పుడు, ఆ పెరిగిన రీఛార్జిలో ఓటీటీ వాటా ఎంత అన్నది కట్టేవాడికి తెలిసే మార్గం లేకుండా పోయింది. ధర విడిగా కనబడని చోట పోటీ ఉందో లేదో వినియోగదారు తేల్చుకోలేడు. నియంత్రణ సంస్థలు అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సిన విషయం ఇదే; రీఛార్జి రసీదులో డేటా ధర ఎంత, వీడియో సేవ ధర ఎంత అని విడివిడిగా చూపడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, చిత్తశుద్ధి ఉంటే చాలు.

వేరే దారి ఉండగలదని ఆంధ్రప్రదేశ్ ఒకసారి చూపింది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, టెలిఫోను మూడూ ఇచ్చే ఫైబర్‌నెట్ పథకాన్ని అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2017 డిసెంబరు 27న ప్రారంభించారు. ఊళ్లోని కేబుల్ ఆపరేటరును పక్కకు నెట్టకుండా, అతని చేతిమీదుగానే ఇంటికి కనెక్షన్ ఇవ్వడం ఆ పథకంలోని మంచి ఆలోచన. తీగ తెగితే వచ్చి చూసేవాడు, నెల ఆలస్యమైతే ఆగేవాడు, ఏ వీధిలో ఏ ఛానెల్ చూస్తారో ఎరిగినవాడు అతనే. 2023 జూన్‌లో అదే సంస్థ కొత్త చిత్రాన్ని విడుదల రోజే ఇంట్లో 99 రూపాయలకు చూపే పథకం కూడా మొదలుపెట్టింది. ప్రభుత్వాలు మారడం, నిర్వహణ కుంటుపడడం వంటి కారణాలతో ఫైబర్‌నెట్ తొలినాటి ఆశకు తగినట్టు ఎదగలేదు. అయినా, బాట ప్రజలదై ఉండి దానిమీద అన్ని బండ్లూ సమానంగా నడవాలన్న సూత్రం దానిలో ఉంది, ఆ సూత్రాన్ని వదిలిపెట్టకూడదు.

సినిమా హాళ్ల సంగతి క్లుప్తంగానైనా చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు పల్లెల్లోని నాన్ ఏసీ హాళ్లలో కనీస టిక్కెట్టును 5 రూపాయలకు పరిమితం చేయగా, 2022 మార్చి 7 నాటి ఉత్తర్వు దానిని 20 రూపాయలకు సవరించింది. ఈలోగా 2021 డిసెంబరు 17న విడుదలైన పుష్ప మూడు వారాలకే, జనవరి 7న, ఓటీటీలోకి వచ్చింది. చిత్రం హాల్లో విడుదలైన రోజుకూ ఓటీటీలో వచ్చే రోజుకూ మధ్య గడువును విండో అంటారు. 2022 ఆగస్టు 1 నుంచి షూటింగులు ఆపి చర్చించిన తెలుగు నిర్మాతలు ఆ గడువును 8 వారాలుగా ఉంచాలని తీర్మానించారు, కాని పెద్ద చిత్రాలు నాలుగు వారాలకే వస్తున్న సందర్భాలు ఆ తర్వాత కూడా కొనసాగాయి. నాలుగు వారాల్లో ఇంట్లోకి వస్తుందని తెలిసినప్పుడు కుటుంబమంతటికీ టిక్కెట్లు, ఆటో ఖర్చు పెట్టుకుని రావడానికి చిన్న పట్టణపు మధ్యతరగతి వెనకాడడం సహజం. నష్టపోయేది ఏసీ మల్టీప్లెక్సు కంటే ముందు, మూడో వారం, నాలుగో వారం జనం మీద ఆధారపడే ఒంటి తెర హాలు.

క్రికెట్ విషయంలో ప్రజా ప్రయోజనాన్ని కాపాడడానికి దేశంలో ఇప్పటికే ఒక చట్టం ఉంది. జాతీయ ప్రాధాన్యం గల క్రీడల ప్రసారాలను హక్కులు కొన్న ప్రైవేటు సంస్థలు ప్రసార భారతితో పంచుకోవాలని 2007లో పార్లమెంటు శాసించింది. ఐపీఎల్ ఆ జాబితాలో లేదు. ప్రసార భారతి తన సొంత ఓటీటీ వేవ్స్‌ను 2024 నవంబరు 20న గోవా చిత్రోత్సవంలో ప్రారంభించింది. దూరదర్శన్, ఆకాశవాణి ప్రసారాలు ఆ యాప్‌లో దొరుకుతాయి. ఆ రెండింటిలో తెలుగు నాటికలు, హరికథలు, ప్రసంగాలు, పల్లె పాటలు దశాబ్దాలుగా ప్రజల సొమ్ముతో ధ్వనిముద్రణ అయ్యాయి. వాటిని భాష వారీగా, ప్రాంతం వారీగా అమర్చి, ఏ రీఛార్జితోనూ ముడిపెట్టకుండా అందిస్తే, ప్రైవేటు సేవలు పోటీలో వదిలేసిన చోటును అది నింపగలదు. ఆరుబయట మంచం మీద పడుకున్న ముసలాయనకు తన చిన్ననాటి హరికథ వినిపించడానికి చందాల పోటీ పనికిరాదు; అటువంటి పనికి ప్రజా సంస్థే కావాలి.

ప్రస్తుత ఐపీఎల్ హక్కుల గడువు 2027 పోటీలతో ముగుస్తుంది. 2022 వేలంలో టీవీ ఒకరికి, డిజిటల్ మరొకరికి దక్కేలా పాడిన రెండు సంస్థలు తర్వాతి వేలం నాటికి ఒకే సంస్థగా ఉంటాయి. వాళ్లకు ఎదురుగా పాడగలిగినవారు ఎవరుంటారన్నదాన్ని బట్టి, 2028 వేసవిలో నంద్యాల బస్టాండు దగ్గర ఫోను పట్టుకున్న కుర్రవాడు ఆట చూడడానికి ఎంత కట్టాలో, ఎవరి సిమ్ము కొనాలో తేలుతుంది.